తలుపుల్లేని కారుకు టాపు కుట్టమన్నారు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

తిరుపతిలో మాది సీట్లు, టాపులు కుట్టే షాపు. జీపులు, ట్రాక్టర్లు, టూరిస్టు వ్యాన్లు మా రోజువారీ పని. రేకు పని, చిన్నాచితకా వైరింగు కూడా చేస్తాం. ఈ కేసులో ఓనరు అడిగింది ఒకటి, చివరికి మేం చేసిచ్చింది ఇంకొకటి. మధ్యలో ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసి పెడితే ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

ఓనరు ఎవరో తెలియకూడదు కాబట్టి బండి రంగు, నంబరు, ఇంజను ఎవరిదో చెప్పను. ఇలాంటి బండి ఈ చుట్టుపక్కల ఒకటుంటే గొప్ప. ఇంకో రెండు వివరాలు ఇస్తే ఊళ్ళోవాళ్ళు నేరుగా ఆయన ఇంటికే దారి చూపిస్తారు.

బండి లోటస్ సెవెన్ తరహాది. 1957లో ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ తెచ్చిన కారు అది. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వెళ్ళాయి, ఆ రూపంలో కార్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. పొడుగాటి ముక్కు, బాడీకి బయటే ఉండే ముందు చక్రాలు, ఇద్దరికే చోటు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఏసీ మాటే లేదు. చాప్‌మన్ పట్టుదలంతా బరువు తగ్గించడం మీదే. ఈ తరహా కార్లు 500, 600 కిలోల మధ్య తూగుతాయి. మన స్విఫ్ట్ లాంటిది 850 దాటుతుంది. ఇద్దరు మనుషులు ఎక్కితేనే, అంటే ఓ 140 కిలోలు, ఈ బండి బరువులో నాలుగో వంతు పెరిగినట్టు. ఏం బిగించాలన్నా ఈ లెక్క ముందు చూసుకోవాల్సిందే.

వచ్చిన సమస్య

ఓనరుకు యాభై దాటాయి. ఉద్యోగం నుంచి బయటపడ్డాక సరదాగా కొనుక్కున్నారు. మా దగ్గరికి వచ్చి అడిగింది ఒక్కటే: "అన్నా, దీనికి మడిచిపెట్టే టాపు ఒకటి కుట్టివ్వు. ఎండకు తట్టుకోలేకుండా ఉండాము."

అంతకుముందే వేరే ఊళ్ళో ఒకచోట నల్ల రెగ్జిన్‌తో నిండు టాపు కుట్టించారు. అదీ తెచ్చి చూపించారు. స్పీడు అరవై దాటితే డప్పులా మోగుతుందట, లోపల కూర్చుంటే ఉడికిపోతున్నారట. దానికంటే గట్టిది కావాలన్నది ఆయన ఉద్దేశం.

కొలతలు తీసుకోకుండా, బండిని ఇంకో రోజు మేడమ్‌తో సహా తెమ్మన్నాను. ఈ బండి ఎక్కడం మానేసింది ఆవిడ. ఇబ్బంది ఆవిడ నోటి నుంచి వినాలి. ఆవిడ చెప్పిన వరుస ఇది. కాలు పెట్టే చోట వేడి. ఎక్కేటప్పుడు ఎడమ పిక్క సైలెన్సరుకు తగిలి కాలిన మచ్చ. మెడ మీద వెనక నుంచి కొట్టే గాలి, దాంతో తలనొప్పి. పమిట ఎగిరి వెనక చక్రం వైపు పోతుందేమోనని టెన్షన్. హ్యాండ్‌బ్యాగు పెట్టుకునే చోటు లేదు. వాన పడితే సీటు రెండు రోజులు తడిగానే ఉంటుంది. ఎండ సంగతి ఆవిడ చివర్లో చెప్పారు, అదీ "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు" అని.

అంటే టాపు తీర్చగలిగేది ఆ ఆరేడింటిలో ఒకటో రెండో. పైగా కింది నుంచి వచ్చే వేడికి మూత పెడితే మనుషులు ఆవిరికుడుము అయిపోతారు. పాత టాపులో జరిగింది అదే.

పని మొదలుపెట్టే ముందు ఇద్దరం మూడు మాటలు అనుకున్నాం. బాడీకి కొత్త చిల్లు పడకూడదు. పెట్టిన ప్రతిదీ స్పానరుతోనో చేత్తోనో విప్పేయగలగాలి. ప్రతి వస్తువూ కాటా మీద తూచాకే బండికి ఎక్కాలి. చిల్లుల షరతు అందం కోసమే కాదు. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. విప్పేస్తే బండి మొదట ఎలా ఉందో అలాగే కనబడాలన్నది మా గీత.

వేడి ఎక్కణ్ణుంచి?

మా షాపులో ఎవరికైనా వేడి అనగానే ఫాయిల్ షీటు గుర్తొస్తుంది. ఓనరు కూడా ఇంట్లో అదే చేశారు. గేరుబాక్సు మీద కప్పినట్టుండే టన్నెల్‌కు లోపలి వైపు వెండిరంగు ఫాయిల్ ఉన్న ఫోమ్ షీటు గమ్‌తో అంటించి, పైన ఫెల్టు కార్పెట్ పరిచారు. గమ్ వేడికి మెత్తబడి షీటు కిందికి జారింది. వానకు ఫోమ్ నీళ్ళు తాగింది. మేం కార్పెట్ ఎత్తేసరికి తడి గోనెసంచి వాసన, కింద రేకు మీద తెల్లటి పొడి. అల్యూమినియం తుప్పు అలాగే ఉంటుంది.

ఏమీ అంటించకముందు వేడి వచ్చే దారి కనుక్కోవాలి. దానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. రాత్రి షాపులో లైట్లు ఆపేసి, ఇంజను బే లోపల పెద్ద టార్చి వెలిగించి, నేను తల కిందికి పెట్టి కాళ్ళ దగ్గరి గుంటలోకి చూశాను. స్టీరింగు రాడ్డు దూరే చోట నెలవంకలా వెలుతురు. వైరింగు కట్ట వచ్చే రంధ్రం చుట్టూ వెలుతురు. ఎడమ వైపు రెండు రేకులు కలిసే మూలన వేలెడు సందు. వెలుతురు వచ్చే ప్రతి చోటు నుంచీ వేడి గాలి కూడా వస్తుంది. రేడియేటరును దాటి ఇంజను చుట్టూ తిరిగిన గాలి, బండి పరుగెత్తేటప్పుడు ఆ సందుల్లోంచి లోపలికి తోసుకొస్తుంది. కాళ్ళ దగ్గర గుంట మూసిన పెట్టెలాంటిది, వచ్చిన గాలికి బయటికి పోయే దారి లేదు.

రెండో పరీక్ష చేత్తో. అలిపిరి వరకూ వెళ్ళొచ్చి, టన్నెల్ మీద, ఎడమ పక్క రేకు మీద, ఫైర్‌వాల్ (ఇంజనుకూ కాళ్ళ గుంటకూ నడుమ ఉండే గోడ) మీద వరసగా అరచేయి ఆనించాం. టన్నెల్ వెచ్చగా ఉంది, అంతే. ఎడమ పక్క రేకు మీద మాత్రం చేయి నిలవలేదు. లోహం 60 డిగ్రీల దగ్గరికి వస్తే చేయి కొన్ని క్షణాలకు మించి ఓర్చుకోదు. ఆ రేకుకు అవతల సైలెన్సరు ఉంది. ఓనరు ఫాయిల్ అంటించింది టన్నెల్‌కు, కాల్చేది పక్క రేకు!

సైలెన్సరుకు ముందు గ్లాసు ఫైబర్ టేపు చుట్టి చూశాం. బైకుల వాళ్ళు మోజుగా చుట్టుకునేది అదే. కొత్తలో బాగుంది. ఒక్క వాన పడ్డాక టేపు నీళ్ళు పీల్చి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పొగలు కక్కింది. పక్కకు వేలాడే సైలెన్సరుకు మన నవంబరు వానల్లో ఇది కుదరదు. తడి టేపు కింద ఇనుము చప్పున తుప్పు పడుతుంది. విప్పేశాం.

నిలిచిన పద్ధతి ఇది. సైలెన్సరుకూ బాడీ రేకుకూ నడుమ పలచటి అల్యూమినియం రేకు, రెండు వైపులా అర అంగుళం ఖాళీతో. మెరిసే అల్యూమినియం తన మీద పడిన సెగలో చాలా భాగం వెనక్కి తిప్పికొడుతుంది. మిగిలిన వేడిని ఖాళీలో కదిలే గాలి పట్టుకుపోతుంది. ఆ ఖాళీయే అసలు పని చేసేది. రేకును బాడీకి ఆనించి బిగిస్తే వేడి నేరుగా పాకిపోతుంది, పెట్టిన ఫలితం సున్నా. సైలెన్సరు బయటి వైపు, కాలు తగిలే చోట, చిల్లుల స్టీలు రేకును వంచి గార్డుగా కట్టాం. వెల్డింగు లేదు, రెండు స్టీలు క్లిప్పులతో బిగించాం. బుల్లెట్ సైలెన్సరు మీద ఉండే గార్డు లాంటిదే, కాకపోతే ఇంకొంచెం ఎడంగా. సందులన్నీ వేడికి తట్టుకునే సిలికాన్‌తో, రబ్బరు గ్రోమెట్లతో (రంధ్రం అంచుకు తొడిగే రింగులు) మూశాం. మళ్ళీ టార్చి పెట్టి చూశాం.

ఇక చల్లగాలి. ఈ కార్లు పుట్టిన చలి దేశంలో హీటరు పెట్టుకుంటారు. ఈ బండిలో హీటరు లేదు గానీ, దాని కోసం ఫైర్‌వాల్‌లో వదిలిన రంధ్రం, దాని మీద ఒక మూత పలక ఉన్నాయి. కొత్త చిల్లు వేయకుండా మాకు దొరికిన వరం అది. పలక తీసి, దాని బదులు రెండంగుళాల గొట్టం బిగించి, దాని నోరు రేడియేటరుకు ముందు వైపు పెట్టాం. వెనక పెడితే వేడి గాలినే పీల్చి కాళ్ళ మీద పోస్తాం. గొట్టాన్ని సైలెన్సరు లేని కుడి వైపు నుంచి తెచ్చాం. లోపల చిన్న మూత ఉంటుంది, వానలో మూసుకోవచ్చు. బండి ఆగితే ఈ గాలి కూడా ఆగుతుంది కాబట్టి గొట్టంలోనే పన్నెండు వోల్టుల చిన్న బ్లోయరు ఇరికించాం.

మెడ మీది గాలి

విండ్‌షీల్డ్ ముందుంటే గాలి వెనక నుంచి ఎలా కొడుతుందని ఓనరు వాదించారు. అద్దం పైనుంచి, పక్కల నుంచి దూసుకుపోయే గాలి సీట్ల వెనక ఒక ఖాళీ వదులుతుంది. అక్కడ ఒత్తిడి తక్కువ. ఆ ఖాళీని నింపడానికి గాలి వెనక నుంచి ముందుకు మళ్ళి, నేరుగా మెడ మీదికే వస్తుంది.

మాటలతో తేలదని ఊలు దారం ముక్కలు కత్తిరించి హెడ్‌రెస్టు మీద, రోల్‌బార్ (బండి తిరగబడితే తలలు కాపాడే ఇనుప కమాను) మీద, అద్దం అంచుల మీద టేపుతో అంటించాం. రేణిగుంట వైపు ఖాళీ రోడ్డు మీద ఓనరు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఫోనులో వీడియో తీశాను. నలభైలో దారాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. అరవై దాటేసరికి హెడ్‌రెస్టు మీది దారాలన్నీ విండ్‌షీల్డ్ వైపుకి నిటారుగా నిలబడ్డాయి. ఆయన ఇంక వాదించలేదు. గాలి తాకిడి వేగం వర్గంతో పెరుగుతుంది. నలభైలో ఉన్నది ఎనభైకి నాలుగింతలు. ఊళ్ళో తిరిగినప్పుడు బాగానే ఉండి, ఘాట్ దాటి పీలేరు రోడ్డెక్కాక మేడమ్‌కు తలనొప్పి ఎందుకొచ్చేదో దీంతో అర్థమైంది.

సీట్ల వెనక రోల్‌బార్‌కు మొదట నర్సరీల్లో కట్టే షేడ్ నెట్ బిగించి చూశాం. ఖర్చు తక్కువ, మదనపల్లె వైపు టమాటా నారు పెంచేచోట ఎక్కడైనా దొరుకుతుంది. అది సాగిపోయి కొట్టుకుంది. తర్వాత పాలికార్బనేట్ (గాజులా కనబడే గట్టి ప్లాస్టిక్) పలక పెడితే వెనక గాలి ఆగింది గానీ, రాత్రి వెనక బండ్ల లైట్లు దాంట్లో ప్రతిఫలించి వెనక చూసే అద్దంలో రెండేసి కనబడ్డాయి. భద్రత దగ్గర రాజీ లేదు, అది కూడా తీసేశాం. చివరికి చిన్న కన్నుల గట్టి మెష్‌ను సన్నటి రాడ్డు ఫ్రేములో బిగించి, ఫ్రేమును రోల్‌బార్‌కు తోలు పట్టీలతో కట్టాం. మెష్ కొంత గాలిని పోనిస్తుంది కాబట్టి ఆ ఖాళీ అంత లోతుగా ఏర్పడదు, సుడి విరిగిపోతుంది. దారాలు ముందుకు నిలబడటం మానేసి ఊరికే ఊగాయి.

విండ్‌షీల్డ్ పక్కల రెండు చిన్న రెక్కలు మూడు మిల్లీమీటర్ల పాలికార్బనేట్‌తో చేశాం. ఆక్రిలిక్ వాడలేదు. అది పగిలితే కత్తుల్లా ముక్కలవుతుంది, అదీ మొహం పక్కనే. పాలికార్బనేట్ వంగుతుంది గానీ పగలదు. కొద్దిపాటి వంపు చల్లగా ఉన్నప్పుడే చేత్తో వంచి బిగించాలి. అది గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి ఎండబెట్టకుండా హాట్ ఎయిర్ గన్ పెడితే లోపల బుడగలు లేస్తాయి. ఇంకో మాట, దీన్ని పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడిస్తే సన్నటి పగుళ్ళు వస్తాయి. సబ్బునీళ్ళే. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు కింద అంటించాను, సర్వీసు కుర్రాళ్ళ చేతులు ఊరుకోవు.

పమిట సంగతి రెక్కలతో సగం తీరింది. మిగతా సగానికి నడుము దాకా వచ్చే కాన్వాస్ సగం కవరు కుట్టాం. కూర్చున్నాక ఒడి మీదుగా లాగి పక్కన ప్రెస్ బటన్లతో బిగిస్తే చీర, చున్నీ ఏవీ బయటికి పోవు. బైకులకు శారీ గార్డు ఉండాలని రూలే ఉంది, ఇక్కడ వెనక చక్రం మోచేతికి అంతే దగ్గర. బటన్లు గట్టివైతే ప్రమాదంలో దిగడం కష్టం. చేత్తో ఒక్కసారి గుంజితే ఊడేలా మెత్తని బటన్లే ఎంచాం. బెల్టు కవరు కిందే ఉంటుంది, దాని దారి మార్చలేదు.

నీళ్ళు, సీటు

సీట్ల కింద పాత ఫోమ్ స్పాంజిలా నీళ్ళు తాగేది. దాని బదులు నీళ్ళు పీల్చని ఈవీఏ ఫోమ్, పైన గాలాడే మెష్ గుడ్డ. మేడమ్ ఇంకా మందంగా, మెత్తగా కావాలన్నారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. మెత్తటి మందపాటి దిండు పెడితే గట్టి బ్రేకు పడ్డప్పుడు ఫోమ్ నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. మనిషి ఎత్తు పెరిగితే తల రోల్‌బార్ కంటే పైకి వస్తుంది, బండి తిరగబడితే ఆ బార్ ఉండీ లేనట్టే. అందుకే అడుగున అర అంగుళం దాటనివ్వలేదు, బదులుగా నడుము దగ్గర చిన్న దిండు కుట్టిచ్చాం. "ఇదే బాగుండాది" అన్నారు కూర్చుని చూసి.

నేల మీద కార్పెట్ తీసేసి గాడులున్న రబ్బరు మ్యాటు వేశాం. ఫ్లోర్ మూలల్లో కంపెనీవాళ్ళు వదిలిన డ్రెయిన్ రంధ్రాలను ఎవరో సీలెంటుతో మూసేసి ఉన్నారు. తవ్వి తీసి రబ్బరు బిరడాలు పెట్టాం. నీళ్ళు చేరితే బిరడా లాగెయ్యడమే.

నిలిపి ఉంచినప్పుడు కప్పే కవరు మీద కొంచెం ఎక్కువ ఆలోచించాం. రెగ్జిన్ నీళ్ళు ఆపుతుంది గానీ ఊపిరాడదు, కింద చెమ్మ అలాగే ఉండిపోతుంది. దళసరి నూలు కాన్వాస్ తడిస్తే దారాలు ఉబ్బి నేత బిగుసుకుంటుంది, నీళ్ళు జారిపోతాయి. కుట్టే దారం కూడా లోపల పాలిస్టరు, పైన నూలు ఉన్నదే తీసుకున్నాం. సూది చేసిన చిల్లులో నూలు ఉబ్బి ఆ చిల్లును తనే పూడుస్తుంది. కాన్వాస్‌కు ఒక గుణం ఉంది: తడిసినప్పుడు లోపల ఏదైనా ఆనితే అక్కడి నుంచి నీరు బొట్లు బొట్లుగా దిగుతుంది. మొదటి కవరు స్టీరింగు మీద ఆనింది, మధ్యలో నీళ్ళు నిలిచి కుండలా వేలాడింది. రెండోదానికి లోపల జేబు కుట్టి, టెంట్లకు వాడే ఫైబరు కడ్డీ విల్లులా దూర్చాం. నడుమ ఎత్తు వచ్చింది, నీళ్ళు పక్కలకు పోయాయి.

సామాను

ఓనరు వెనక్కి ఒక స్టీలు పెట్టె కావాలన్నారు. వద్దన్నాను. ఈ తరహా బండ్లలో పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకు అవతలే ఉంటుంది, పెట్టె బిగించాలంటే దాని పక్కనే డ్రిల్లు పెట్టాలి. అదొక్కటే చాలు వద్దనడానికి. దానికి తోడు, ఇరుసుకు వెనక బరువు పెడితే ఇంత తేలిక బండిలో ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు మలుపులో స్టీరింగు చెప్పిన మాట వినకపోతే చేసేదేం లేదు.

బదులుగా సీట్ల వెనక గోడకు ఆనేలా రెండు కాన్వాస్ సంచులు, ఒక్కోదానికి భుజానికి తగిలించుకునే పట్టీ. తాళం లేని బండిలో సామాను వదిలిపోలేరు, దిగితే చేతికి రావాలి. కొండకు వెళ్ళేటప్పుడు అలిపిరి దగ్గర చెకింగులో సంచులు దించి స్కానింగుకు పెట్టాలి. ముళ్ళు విప్పుకుంటూ కూర్చుంటే వెనక బండ్లు హారను మోగిస్తాయి. రెండు కొక్కేలు తీస్తే చేతిలో సంచి.

ఫోను చార్జరు మామూలు పనే. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, ఇగ్నిషన్‌తో నడిచే రిలే (బండి తాళం తిప్పితేనే కరెంటు వదిలే స్విచ్చి), నీళ్ళు చొరని మూత ఉన్న సాకెట్టు. బ్లోయరు కూడా అదే రిలే మీద, దానికి వేరే ఫ్యూజు.

ఎండ

టాపు మాట చివరికి మిగిలింది. అప్పటికి కింద వేడి, వెనక గాలి తగ్గాయి కాబట్టి నిండు టాపు అవసరం ఉందా అని మళ్ళీ అడిగాను. విండ్‌షీల్డ్ అంచు నుంచి రోల్‌బార్ దాకా తెల్ల కాన్వాస్ పట్టీ ఒకటి, పక్కలూ వెనకా తెరిచి, తలల మీద మాత్రం నీడ. వేడి గాలి వెనక నుంచి పోతుంది. స్పీడు యాభై దాటితే చుట్టి కట్టెయ్యాలన్నది షరతు, ఎందుకంటే అంతకు మించితే పట్టీ పైకి ఉబ్బి కుట్లు లాగుతాయి. పాత నల్ల రెగ్జిన్ టాపు అటక మీదికి పోయింది.

ఫలితం

పెట్టిన వస్తువులన్నీ కలిపి కాటా మీద పాత కార్పెట్, ఫోమ్, రెగ్జిన్ టాపు బరువు కంటే తక్కువే తూగాయి. మేడమ్ బండెక్కుతున్నారు. భాకరాపేట ఘాట్ మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్ళొచ్చి, కాళ్ళ వేడి గురించి ఒక్క మాట చెప్పకుండా బ్యాగు పట్టీ పొట్టిగా ఉందని ఫిర్యాదు చేశారు. పట్టీ పెంచిచ్చాం.

తీరనివి ఉన్నాయి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఈ బండి తిరుపతిలో తిరిగేది కాదు. గాలి 43 డిగ్రీలు ఉన్నప్పుడు గొట్టంలోంచి వచ్చేదీ 43 డిగ్రీలే. ఆ సంగతి బ్లోయరు బిగించేటప్పుడే ఓనరుకు చెప్పాను. ఎనభై దాటితే హోరు తగ్గలేదు, పక్కవాళ్ళతో మాట్లాడాలంటే అరవాలి. పక్క రెక్కల మీద దుమ్ముతో గీతలు పడుతున్నాయి. అవి మసకబారితే మార్చడానికి అట్టతో అచ్చు కత్తిరించి షాపులో పెట్టాం. నూలు కాన్వాస్‌కు బూజు భయం ఉంది కాబట్టి, వానల తర్వాత ఒకసారి కవర్లన్నీ విప్పి ఎండకు ఆరేసి, బిరడాలు లాగి, క్లిప్పులు బిగించి ఇవ్వాలని మాట్లాడుకున్నాం. ఈ నవంబరు వానలు తగ్గగానే బండి మళ్ళీ షాపుకు వస్తుంది.